డాలరు దారి ఖర్చులు



సంక్రాంతి వెళ్ళిన వారం మా మేనకోడలు పొద్దున్నే ఫోన్ పట్టుకొని మా ఇంటికొచ్చింది. "మావయ్యా, వాళ్ళు 400 డాలర్లు పంపామంటున్నారు. నా ఖాతాలో పడింది చూస్తే లెక్క కుదరడం లేదు. నేనేమైనా తప్పు చేశానా?" అంది.

తను బీకాం చదివింది. అంతకుముందు కాకినాడలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేసింది. బాబు పుట్టాక మానేసింది. ఇప్పుడు అమలాపురంలో ఇంట్లోనే ఉండి, అమెరికాలో ఒక చిన్న అకౌంటింగ్ సంస్థకు పార్ట్‌టైమ్‌గా లెక్కలు రాసిపెడుతోంది. వాళ్ళ ఖాతాదారుల బిల్లులు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో పద్దులు సరిచూడడం ఆమె పని. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. గంటకు 8 డాలర్లు. మొదటి నెల, బాబు నిద్రపోయాక కూర్చుని 50 గంటలు చేసింది. ఏడేళ్ళ తరవాత తన కష్టార్జితం తన చేతికొస్తోంది.

డబ్బు తగ్గిందన్న బాధ కంటే, తెలియక పోగొట్టుకున్నానేమోనన్న బెరుకే ఆ పిల్ల మొహంలో ఎక్కువ కనిపించింది. నాకు మనసుకు కష్టమనిపించింది. పని తనే వెతుక్కుంది, ఇంగ్లీషులో మాట్లాడి ఒప్పించుకుంది, రాత్రిళ్ళు మేలుకుంది. ఆ కూలి ఏ దారిన ఇంటికొస్తుందో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్ళు విదేశాల నుంచి వచ్చే డబ్బు చూసే సీట్లోనే ఉన్నాను. ఆ రోజు ఆమెకు చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను. ఇలాంటి పని చేసే అమ్మాయో అబ్బాయో మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

అమెరికా నుంచి డబ్బు పంపారంటే డాలర్లు బయల్దేరి మన ఊరొచ్చాయనుకుంటాం. డాలర్లు రావు. కబురు వస్తుంది. ఆ కబుర్లు మోసే సంస్థ పేరు స్విఫ్ట్. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో పెట్టుకున్నాయి. అది డబ్బు ముట్టదు. ఫలానా వారి ఖాతాలో ఇంత వేయండి అన్న మాటను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు భద్రంగా చేరవేస్తుంది, అంతే.

మరి సొమ్ము? అమెరికాలో ఒక చిన్న ఊరి బ్యాంకుకూ అమలాపురం బ్యాంకుకూ ముఖపరిచయం లేదు. ఇద్దరికీ తెలిసిన పెద్ద బ్యాంకు న్యూయార్కులో ఒకటి ఉంటుంది. మన బ్యాంకు అక్కడ డాలర్ల ఖాతా ఒకటి పెట్టుకుంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. నోస్ట్రో అంటే ఇటాలియన్ భాషలో 'మాది' అని. అమ్మాయి పేరు మీద వచ్చిన డాలర్లు ఆ ఖాతాలో జమ పడితే, ఇక్కడ మన బ్యాంకు తన దగ్గరున్న రూపాయలు తీసి ఆమె ఖాతాలో వేస్తుంది. మన పెద్దలకు ఇది కొత్త కాదు. పూర్వం ఒక ఊళ్ళో షావుకారుకు సొమ్ము కట్టి హుండీ రాయించుకుంటే, మరో ఊళ్ళో అతని మనిషి ఆ సొమ్ము చెల్లించేవాడు. డబ్బు మూట ఎక్కడికీ కదిలేది కాదు.

హుండీ రాసినవాడు ఊరికే రాయలేదు. మధ్యలో ఉన్న బ్యాంకూ ఊరికే చేయదు. మా అమ్మాయి 400 డాలర్లలో 15 డాలర్లు ఆ మధ్య బ్యాంకు పట్టుకుంది. మిగిలిన 385 డాలర్లను మన బ్యాంకు రూపాయల్లోకి మార్చేటప్పుడు టీవీలో చెప్పే రేటు ఇవ్వలేదు. బ్యాంకు కొనుగోలు రేటని వేరే ఉంటుంది. ఆ రోజు రెంటికీ తేడా డాలరుకు 90 పైసలు. అంటే 346 రూపాయల యాభై పైసలు అక్కడ పోయాయి. ఈ తేడా ఏ రసీదులోనూ చార్జీ అని రాసి ఉండదు కాబట్టి చాలామంది కనిపెట్టరు. మారకం మీద జీఎస్టీ ఒకటి ఉంది. లక్ష రూపాయల లోపు మార్పిడికి, మార్చిన మొత్తంలో నూటికి ఒక రూపాయిని సేవ విలువగా లెక్కకట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. వెయ్యికి రూపాయి ఎనభై పైసలన్నమాట. ఎంత చిన్న మొత్తమైనా 45 రూపాయలకు తగ్గదు. ఇది పెద్ద భారమేమీ కాదు. జమ చేసినందుకు బ్యాంకు తీసుకునే చార్జీ దీనికి అదనం.

అన్నీ కాగితం మీద వేసి చూపిస్తే అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. ఆ 15 డాలర్ల దగ్గర మాత్రం ఆగింది. అంటే దాదాపు రెండు గంటల పని! "ఇది నేనెందుకు పెట్టుకోవాలి మావయ్యా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. పంపేవాళ్ళ ఫారంలో ఖర్చులు ఎవరివి అని ఒక గడి ఉంటుంది. ఖర్చులన్నీ పంపేవారివి అని ఒక పద్ధతి, ఎవరి వైపువి వారివి అని ఒకటి, అన్నీ అందుకునేవారివి అని ఒకటి. బ్యాంకు భాషలో అవర్, షా, బెన్ అంటారు. ఎవరూ ఏమీ చెప్పకపోతే మామూలుగా రెండోది పడుతుంది. మధ్య బ్యాంకు కోత మన మీదికి వస్తుంది. పని ఒప్పుకునేటప్పుడే "బ్యాంకు ఖర్చులు పంపేవారివి" అని ఒక్క ముక్క రాయించుకుంటే సరిపోయేది. గంటకు ఎంత అన్నది గట్టిగా అడిగినవాళ్ళు కూడా ఈ మాట అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం వద్దు. అది బేరం కాదు, కుదిరిన కూలి కుదిరినట్టు అందాలని అడగడం.

ఇదంతా డబ్బు లెక్క. ఆమె పాస్ పుస్తకం చూస్తుంటే నన్ను ఇంతకంటే కలవరపెట్టింది ఇంకొకటి కనబడింది. ఆ జమ పక్కన పి1301 అని పడింది.

విదేశాల నుంచి వచ్చే ప్రతి రూపాయికీ అది ఎందుకొచ్చిందో చెప్పే సంకేతం ఒకటి వేయాలని రిజర్వు బ్యాంకు నియమం. పర్పస్ కోడ్ అంటారు. సాఫ్ట్‌వేర్ సలహా పనికి పి0802. లెక్కలు రాయడానికి, ఆడిటింగుకు పి1005. పి1301 అంటే విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇంటి ఖర్చులకు, పొదుపుకు పంపిన డబ్బు. అంటే పుస్తకం ప్రకారం మా అమ్మాయి పని చేయలేదు. ఎవరో ఆమెను పోషించడానికి డబ్బు పంపారు.

ఇలా ఎందుకు జరిగిందో నాకు బాగా తెలుసు. కోనసీమలో గల్ఫ్ మనిషి లేని వీధి ఉండదు. కువైట్, దుబాయ్, ఖతర్, మస్కట్ నుంచి వచ్చే డబ్బుతోనే ఇక్కడ డాబాలు లేచాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి. రాజోలు వైపో, రాజంపేట వైపో, జగిత్యాల వైపో ఏ బ్యాంకులో చూసినా అంతే. విదేశం నుంచి ఒక ఆడమనిషి ఖాతాలో డబ్బు పడిందంటే అది భర్త పంపిందే అని కౌంటర్లో మనసు ముందే అనేసుకుంటుంది. అమ్మాయిని ఫోన్‌లో అడిగారట కూడా, "మీవారు పంపారా అండీ?" అని. ఆమె కాదని చెప్పబోయేలోపు అవతల ఫోన్ పెట్టేశారు. ఆ కౌంటరు కుర్రాడిని నేను తప్పుపట్టలేను. నా వేళ్ళు కూడా ఆ నాలుగు అంకెలకు అలవాటుపడ్డవే. అడగకుండా వేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు తలచుకుంటే, వాటిలో ఎన్ని ఇలా ఇంట్లో కూర్చుని పనిచేసిన ఆడపిల్లలవో అని బాధేస్తుంది.

కోడు తప్పుపడితే ఏమవుతుందంటారా? రేపు ఆమె ఆదాయపు పన్ను రిటర్నులో తన వృత్తి సంపాదన అని చూపిస్తుంది. బ్యాంకు పుస్తకం కుటుంబ పోషణ అని చెబుతుంది. రెండు మాటలకు పొంతన ఉండదు. ఎల్లుండి ఒక కంప్యూటరు కొనుక్కోవడానికి అప్పు అడుగుతుంది. మేనేజరు స్టేట్‌మెంటు చూసి, ఇది మీ ఆదాయం కాదు కదమ్మా అంటాడు. రేపెప్పుడో పని పెరిగి జీఎస్టీ రిజిస్ట్రేషను దాకా వెళ్తే, సేవను ఎగుమతి చేసి విదేశీ ద్రవ్యం తెచ్చానని రుజువు చూపించాలి. ఆ రుజువు ఈ కోడులోనే ఉంది. అన్నిటికీ మించి, అర్ధరాత్రి దాకా కూర్చుని చేసిన పని ఆమె పేరు మీద నమోదు కావాలి. అది ఆమె హక్కు.

అందుకని ఆ రోజే కూర్చుని శాఖకు ఒక ఉత్తరం రాయించాను. డబ్బు ఫలానా సేవకు వచ్చింది, కోడు సరిచేయండి అని. దానికి ఒప్పందం ప్రతి, ఇన్వాయిస్ జతచేసింది. అడిగితే సరిచేస్తారు, భయపడక్కర్లేదు. దాంతోపాటు విదేశీ జమకు సంబంధించిన అడ్వైస్ కాగితం ఇమ్మని కూడా అడగమన్నాను. ఎవరు పంపారు, ఎంత పంపారు, ఏ రేటుకు మార్చారు, ఏ కోడు వేశారు అన్నీ అందులో ఉంటాయి. ప్రతి జమకూ ఆ కాగితం తీసుకుని దాచుకోండి. మూడేళ్ళ తరవాత అడిగితే వెతికి ఇచ్చే ఓపిక ఏ కౌంటర్లోనూ ఉండదు.

ఇక పేరు సంగతి. ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేకమైన చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. విదేశీ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళుంటాయి. మన పిల్లలు రాసే వరుసలోనే నింపితే ఇంటిపేరు పిలిచే పేరయిపోతుంది. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది. పెళ్ళయిన ఆడపిల్లకు ఆధార్‌లో అత్తింటి పేరు, బ్యాంకులో పుట్టింటి పేరు. పంపేవాడు ఒప్పందంలో ఉన్న పేరుతో పంపుతాడు. అది ఖాతా పేరుతో కలవకపోతే డబ్బు వారాల తరబడి మధ్యలో ఆగిపోతుంది, లేదా తిరిగి వెళ్ళిపోతుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ చార్జీ కోసుకునే వెళ్తుంది. నేను సీట్లో ఉండగా ఆగిపోయిన జమల్లో ఎక్కువ భాగం పేరు తేడాలవే. పని మొదలుపెట్టకముందే పాన్, బ్యాంకు ఖాతా, ఒప్పందం మూడింటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయ్యేలా చూసుకోండి. ఖాతాలో పేరు మార్పించుకోవడానికి ఒక్కసారి బ్యాంకుకు వెళ్తే చాలు.

ఖాతా వివరాల్లోనూ జాగ్రత్త కావాలి. యూరప్ వాళ్ళు ఐబాన్ అనే ఖాతా నంబరు ఇమ్మంటారు. మన దేశానికి ఐబాన్ లేదు, ఆ మాటే రాయండి. మనం రోజూ వాడే ఐఎఫ్ఎస్‌సీ దేశం లోపలిది. బయటి వాళ్ళకు కావాల్సింది స్విఫ్ట్ కోడు. ఎనిమిది అక్షరాలో పదకొండో ఉంటుంది. చిన్న ఊళ్ళలో చాలా శాఖలకు సొంత స్విఫ్ట్ కోడు ఉండదు. విదేశీ లావాదేవీలు చూసే పెద్ద శాఖ కోడు ఇవ్వాలి. అది ఏదో మీ శాఖలోనే అడిగి రాయించుకోండి. అంతర్జాలంలో దొరికిన కోడు నమ్మి ఇచ్చి, డబ్బు ఎక్కడుందో తెలియక తిరిగినవాళ్ళను చూశాను. అలా ఆగిందనుకుంటే, పంపినవాళ్ళను యూఈటీఆర్ నంబరు అడగండి. 36 అక్షరాల గుర్తు అది. దాన్ని పట్టుకుని కబురు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకు కనుక్కోగలదు.

బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే ఈ పద్ధతి కాకుండా పేపాల్, పేయోనీర్, వైజ్ లాంటి మార్గాలు కూడా ఉన్నాయి. చిన్న మొత్తాలకు కొన్నిసార్లు ఇవే నయం. ఒకప్పుడు రిజర్వు బ్యాంకు ఇలాంటి మార్గాల్లో ఒక్కో ఎగుమతి చెల్లింపు 500 డాలర్లు దాటకూడదంది. 2013 నాటికి దాన్ని 10,000 దాకా పెంచింది. ఏది వాడినా ఒక్కటే చూడండి. 400 పంపితే చివరికి ఎన్ని రూపాయలు చేతికొస్తాయి? "చార్జీ లేదు" అనే ప్రకటన చూసి సంతోషించకండి. చార్జీ లేనిచోట రేటులో కోత ఉండవచ్చు. క్రిప్టోలో ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. అది విదేశీ ద్రవ్యం కింద లెక్కకు రాదు, మీ పనికి రుజువుగా నిలవదు.

ఇన్వాయిస్ తేదీల విషయం చెప్పి తీరాలి. మనం 03-04 అని రాస్తే ఏప్రిల్ 3. అమెరికావాళ్ళకు అది మార్చి 4. గడువు 30 రోజులన్నప్పుడు ఈ తేడా ఒక నెల తగాదా పెడుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి.

డబ్బు ఎగ్గొడితే ఏం చేయాలని అమ్మాయి అడిగింది. నిజమే చెప్పాను. ఇక్కడ కూర్చుని అక్కడ దావా నడపడం 400 డాలర్లకు అయ్యే పని కాదు. న్యూయార్కు నగరంలో 2017లో ఒక చట్టం అమలులోకి వచ్చింది. స్వతంత్రంగా పనిచేసేవారికి 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి, తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి అని. ఎగవేత అక్కడివాళ్ళకూ ఉన్న బాధేనని దీన్నిబట్టి తెలుస్తుంది. మనకున్న రక్ష ఒకటే. ఎంతవరకు పోయినా తట్టుకోగలమో అంతవరకే అరువు పని చేయడం. కొత్త యజమాని దగ్గర మొదటి రెండు మూడు సార్లు వారానికొకసారి బిల్లు పంపండి. ప్రతిసారీ బ్యాంకు ఖర్చు తగులుతుంది, నిజమే. అయినా 15 డాలర్లు పోవడం నెల కష్టం పోవడం కంటే మేలు. నమ్మకం కుదిరాక నెలకొకసారి మార్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది. అప్‌వర్క్ లాంటి వేదిక మీద నిర్ణీత మొత్తానికి పని చేస్తే, యజమాని ముందుగా సొమ్ము వేదిక దగ్గర ఉంచాడో లేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. "రేపు వేస్తాను, మీరు కానివ్వండి" అంటే, ఆ రేపు వచ్చేదాకా ఆగండి.

పన్ను గురించి రెండు మాటలు. అమెరికా సంస్థ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం ఇమ్మంటుంది. భయపడకండి. నేను అమెరికా నివాసిని కాను అని చెప్పే కాగితం అది. పని జరిగింది ఇండియాలో కాబట్టి అక్కడ పన్ను కోయాల్సిన అవసరం లేదని వాళ్ళ రికార్డుకు. సంతకం చేసిన ఏడాది పోను మరో మూడేళ్ళ చివరిదాకా చెల్లుతుంది. ఇక్కడ మాత్రం ఆ డబ్బు మన ఆదాయమే. విదేశం నుంచి వచ్చింది కదా, టీడీఎస్ కోయలేదు కదా అని చూపించకుండా వదిలేయకూడదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఇలాంటి ఆదాయం 12 లక్షల దాకా పన్ను పడకపోవచ్చు, కానీ 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. అకౌంటెన్సీ, ఇంజినీరింగ్, ఐటీ లాంటి నిర్ణీత వృత్తుల వారికి రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించే సులువైన పద్ధతి ఉంది. మీ పని అందులోకి వస్తుందో రాదో ఒకసారి ఆడిటరును అడగండి. ఏడాదికి 20 లక్షల లోపు రాబడికి జీఎస్టీ రిజిస్ట్రేషను గొడవ లేదు.

ఇంకొక్కటి చెప్పాలి. దీన్ని మాత్రం గట్టిగానే చెబుతాను. మా వీధిలో ఒక కుర్రాడికి ఇంట్లోంచి పని అన్నారు. ఖాతాలో లక్షన్నర పడింది. పొరపాటున ఎక్కువ వేశాం, నీ జీతం ఉంచుకుని మిగిలింది ఫలానా ఖాతాకు పంపు అన్నారు. పంపాడు. ఆ డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి తెచ్చిందట. కుర్రాడి ఖాతా స్తంభించిపోయింది. తండ్రి ధాన్యం డబ్బు కూడా అందులోనే ఉంది. ఆరు నెలలు తిరిగారు. నిజమైన యజమాని మీ ఖాతా గుండా ఇంకొకరికి డబ్బు పంపమనడు. పని ఇవ్వడానికి శిక్షణ రుసుమనీ డిపాజిట్టనీ అడగడు. అలాంటిది జరిగితే సిగ్గుపడి దాచకండి. అదే గంటలో 1930కి ఫోన్ చేయండి.

మా అమ్మాయి ఒప్పందంలో బ్యాంకు ఖర్చుల ముక్క చేర్చమని మెయిల్ రాసింది. పంపే ముందు నాలుగుసార్లు చదువుకుంది, వాళ్ళేమనుకుంటారో అని. ఒక్క పూటలో సరేనని జవాబొచ్చింది. తరవాతి నెల 48 గంటలకు 384 డాలర్లు, పూర్తిగా 384 వచ్చాయి. రేటులో పోయింది పోయింది.

జమ అయిన రోజు బ్యాంకు నుంచి ఫోన్ వస్తే స్పీకరు పెట్టి నాకు వినిపించింది. అదే కుర్రాడు. ఈసారి మీవారు పంపారా అని అడగలేదు.

"మేడమ్, ఇది అకౌంటింగ్ పనికి వచ్చింది కదా, పి1005 వేస్తున్నాను. అడ్వైస్ కాగితం మెయిల్ చేయమంటారా, వచ్చి తీసుకుంటారా?" అన్నాడు.

"వచ్చి తీసుకుంటానండీ," అంది మా అమ్మాయి.